మురికి స్పాంజి

చిరంజీవి చేపల డాక్టరుకి, ఇంటి నుంచి ఆశీస్సులు.

ఇక్కడ చేపలు పదకొండూ క్షేమం. మీ నాన్నా నేనూ కూడా క్షేమమే. నువ్వు అడగలేదు గానీ కాగితంలో చోటుంది కదా అని రాస్తున్నాను. అక్కడ నువ్వూ, నీకిచ్చిన కొత్త ఇల్లూ, ఆ ఇంట్లో ఎంత బిగించినా కారుతోందన్న కుళాయీ అన్నీ బాగున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఎప్పటిలాగే పైన ఎవరికి రాస్తున్నావో లేదు. "కొలను సంగతి" అని రాసి, కింద గీత కొట్టి, మొదలుపెట్టేశావు. నేనూ ఎప్పుడూ కింద ఎవరు రాస్తున్నారో పెట్టకుండా "ఇట్లు, ఇంటి నుంచి" అని ముగించేస్తాను. నువ్వు ఉద్యోగానికి వెళ్ళిన ఈ నాలుగేళ్ళలో పోస్టుమాన్ గానీ మన ఉత్తరాలు విప్పి చదివి ఉంటే, ఎవరో ఇద్దరు చేపల వ్యాపారులు సరుకు గురించి రాసుకుంటున్నారని అనుకుని ఉంటాడు.

ఫోను మీ నాన్నకి, ఉత్తరం నాకు. ఈ పంపకం ఎవరూ కూర్చుని చేసింది కాదు, దానంతటదే జరిగిపోయింది. ఫోనులో అయితే అవతలి మనిషిని ఏదో ఒకటి పిలవాలి. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు. నీ ఇబ్బంది నాకు తెలుసు కాబట్టి నేనూ ఫోను వైపు వెళ్ళను. మీ నాన్న మాట్లాడుతుంటే వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుకుంటూ ఉంటాను.

ఉత్తరాన్ని లాండ్రీకి తీసుకెళ్ళి భోజనం వేళ చదివాను. ఉద్యోగం ఖాయమైందని, పెరడున్న ఆ ఇల్లు ఇక నీకే ఉంచారని, కొలను కట్టడం పూర్తయిందని, వచ్చే నెల వ్యాను మాట్లాడుకుని వచ్చి చేపలన్నిటినీ తీసుకెళ్తానని రాశావు. సంతోషం. చదివి కాగితం మడిచేసరికి, ఎదుటి బల్ల దగ్గర ఇస్త్రీ అక్క నన్నే చూస్తోంది.

"ఏమంటున్నాడు మీ అబ్బాయి?" అంది.

"చేపల్ని తీసుకెళ్తాడట."

"మంచిదే కదా. ఇకనుంచి పొద్దున్నే టైముకి వస్తావు, చేతులు పాచి వాసన కొట్టవు." ఒక ప్యాంటు మడత సరిచేసుకుని, "మరి ఇకమీదట ఉత్తరాల్లో ఏం రాసుకుంటారు మీరిద్దరూ?" అంది.

ఆవిడ మనసులో ఏదో పెట్టుకుని అనలేదు. ఇస్త్రీపెట్టె లాంటి మనిషి, ముడత ఎక్కడుంటే అక్కడే పెడుతుంది. నా ముందు సిరా మరక పడిన తెల్లచొక్కా ఉంది. మరక పనిలో పడిపోయాను.

సరే, నువ్వు అడిగినవి మూడు. వరసగా చెబుతాను.

మొదటిది నిమ్మకాయ సంగతి. దాని పుండు మానిందా అని అడిగావు. ఆ పేరు నువ్వు రాయడం ఇదే మొదటిసారి, గమనించావో లేదో. నీ లెక్కలో అది నాలుగో నంబరు. చేపలకి నంబర్లేంటి, ఖైదీలా అని నేనే నిమ్మకాయ, సిరా మరక, కాలరు, పట్టు, పెద్దాయన అని పేర్లు పెట్టుకుని రాస్తుంటే, నువ్వు మాత్రం "నాలుగు ఎలా ఉంది, ఏడు తింటోందా" అనే రాసేవాడివి. ఈసారి "నిమ్మకాయ పుండు" అని ఉంది. రెండుసార్లు చదువుకున్నాను.

పుండు ఎందుకు పడిందో మీ నాన్న కనిపెట్టారు. పంపు పైపు చివర విరిగి పదునుగా తయారైంది, ఇది దాని పక్కనుంచే దూరుతుంది. ఆయన లిఫ్టు మెకానిక్ కాబట్టి ఎక్కడ ఏది ఒరుసుకుంటోందో ఇట్టే పసిగడతారు. పైపు చివర ఆకురాయితో నున్నగా అరగదీశారు. తోక దగ్గర రెండు పొలుసులు ఊడి, రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా ఉండేది. నువ్వు రాసిన కొలత ప్రకారం కల్లుప్పు కలిపి, లాండ్రీ నుంచి పాత నానబెట్టే తొట్టి తెచ్చి, నిమ్మకాయని అందులో వేరుగా ఉంచాను. గాలిబుడగల గొట్టం పెట్టాను. ఎగిరి పడుతుందని పైన దోమతెర కట్టాను. రోజూ కొంత నీరు తీసి, కొత్త నీరు అదే చల్లదనానికి వచ్చాకే పోశాను. పుండు చుట్టూ తెల్లటి అంచు కట్టింది, ఎరుపు తగ్గింది. కానీ ఇంకా పూర్తిగా మానలేదు. వ్యానులో అంత దూరం కుదుపులు తట్టుకుంటుందని నేను చెప్పలేను. ఇది గుర్తుపెట్టుకో, మూడో ప్రశ్నకి పనికొస్తుంది.

రెండోది, మొదటి ఏడాది చేపలు చావుదాకా వెళ్ళినప్పుడు అసలేం జరిగిందో వివరంగా రాయమన్నావు. కొత్త కొలనులోనూ అదే జరుగుతుందేమోనని భయంగా ఉందన్నావు. అప్పట్లో నీకు నాలుగు ముక్కలే రాశాను: ఫిల్టరు స్పాంజిలు ఉతికాను, రెండు చేపలు పోయాయి, మిగతావి బతికాయి, తప్పు నాదే. ఇప్పుడు మొత్తం చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వుకో, ఇప్పుడు నాకూ నవ్వొస్తోంది.

నువ్వు వెళ్తూ వెళ్తూ ఫిల్టరు పెట్టె మూత మీద సూచనలు రాసి అంటించావు. అందులో "నెలకోసారి ఫిల్టరు శుభ్రం చేయాలి" అని ఉంది. శుభ్రం అన్న మాట ఎవరికి రాస్తున్నావో నువ్వు ఆలోచించలేదు. పదిహేనేళ్ళు మరకలు తీసినదానికి శుభ్రం అంటే ఏమిటో నీకు తెలియదు. పెట్టె తెరిచి చూద్దును కదా, మూడు స్పాంజిలూ గోధుమరంగు బురద పట్టి, జిగురు జిగురుగా, చెయ్యి పెడితే జారిపోతున్నాయి. ఇన్నాళ్ళూ ఈ కుర్రాడు చేపల్ని ఇంత మురికిలో ఉంచాడా అని నాకు ఒళ్ళు మండింది.

వాటిని సంచీలో వేసుకుని లాండ్రీకి పట్టుకెళ్ళాను. మరిగే నీళ్ళు, సబ్బు, ఆపైన బ్లీచింగు, రెండుసార్లు మిషన్లో. స్పాంజిలు కొన్ననాటి రంగుకి వచ్చాయి. ఇస్త్రీ అక్కకి చూపిస్తే "దిండు చేసుకోవచ్చు" అంది. ఆ ఊపులో ఇంటికొచ్చి కొలనులో సగం నీళ్ళు తోడేసి, కుళాయి గొట్టం నేరుగా అందులో పెట్టేశాను. సాయంత్రానికి అడుగున ఉన్న గులకరాళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మీ నాన్న డ్యూటీ నుంచి వచ్చి, "గొయ్యికి ఏదో పెళ్ళికళ వచ్చిందే" అన్నారు. ఆయనకి అది ఎప్పటికీ గొయ్యే. నీకు కొలను. నాకు అప్పట్లో అది నానబెట్టే తొట్టి.

మర్నాడు పొద్దున నేను పెరట్లోకి వెళ్ళేసరికి చేపలన్నీ పైకి వచ్చి ఉన్నాయి. నీటి అంచున, నోళ్ళు తెరుచుకుని, నేను నిలబడిన గట్టు వైపే. అంతవరకు నా నీడ పడితే చాలు అడుగుకి పారిపోయేవి. నువ్వు ఈల వేస్తే వచ్చేవి, నేను ఎంత పిలిచినా రాకపోయేవి. నేనేమనుకున్నానో తెలుసా. నాకు మచ్చికయ్యాయి అనుకున్నాను. ఇల్లు కడిగిపెట్టినందుకు సంతోషించి పలకరించడానికి వచ్చాయనుకున్నాను. పిడికెడు మేత వేశాను. తినలేదు. మొహమాటమేమోనని ఇంకో పిడికెడు వేశాను. లోపలికి వెళ్ళి మీ నాన్నని లేపి, "ఏమండీ, నన్ను చూసి పైకొస్తున్నాయి" అని చెప్పుకుని మురిసిపోయాను. ఆయన కళ్ళు తెరవకుండానే "పోనీలే, ఎవరో ఒకరు వస్తున్నారు" అన్నారు. నీ గురించి అన్నారో చేపల గురించి అన్నారో అడగలేదు.

ఆ మరుసటి రోజుకి రెండు తేలిపోయాయి. ఒక సీసాలో కొలను నీళ్ళు పట్టుకుని చేపల షాపుకి పరిగెత్తాను. ఆ షాపాయన నీకు బాగా తెలుసు కదా, మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. సీసాలో పరీక్ష మందు చుక్కలు వేశాడు. పసుపుగా ఉండాల్సిన నీళ్ళు పచ్చగా, ఇంకా పచ్చగా తిరిగాయి.

"స్పాంజిలు ఏం చేశారు?" అన్నాడు.

"ఉతికాను."

"దేంతో?"

చెప్పాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ మురికే కదమ్మా వాటికి ప్రాణం," అన్నాడు. "చేప విసర్జించింది నీళ్ళలో అమ్మోనియా అవుతుంది. ఆ జిగురులో ఉండే సూక్ష్మజీవులే దాన్ని తినేసి నీళ్ళని కాపాడతాయి. మీరు వాటినన్నిటినీ ఉడకబెట్టేశారు."

"అమ్మోనియా మా షాపులోనూ ఉంటుందండీ, మరకలకి వాడతాం."

"మరకలకి మంచిదే. మొప్పలకి కాదు. మొప్పలు మండిపోయి ఊపిరాడక పైకొచ్చాయి, మేత కోసం కాదు. వేసిన మేత కూడా కుళ్ళి ఇంకాస్త అమ్మోనియా అయింది."

నేను అక్కడే, ఆ గాజు తొట్టెల మధ్య నిలబడి ఏడ్చాను. రెండు చేపలు పోయినందుకని ఆయన అనుకున్నాడు. అందుకూ ఏడ్చాను. అవి నన్ను పలకరించడానికి రాలేదని కూడా ఏడ్చాను.

ఏడుపు అయ్యాక పని చూడాలి కదా. మేత పూర్తిగా మానేసి, రోజూ కొంత నీరు తీసి కొత్త నీరు పోయాలన్నాడు. కానీ కుళాయి నీళ్ళలోని క్లోరిన్ విరిచే మందు ఆయన దగ్గర అయిపోయింది. అందులో ఏముంటుందని అడిగాను. పేరు చెప్పాడు. వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మా లాండ్రీలో డబ్బా నిండా ఉంటుంది. బ్లీచింగు పెట్టిన బట్టల్లో ఘాటు చంపడానికి వేసే పలుకులు, మేం హైపో అంటాం. మా లాండ్రీ చేసిన పాడు పనికి మా లాండ్రీలోనే మందు దొరికింది. బకెట్లలో నీళ్ళు పట్టి, ఆయన చెప్పిన కొలత మించకుండా పలుకులు కరిగించి, నెమ్మదిగా పోసేదాన్ని. మీ నాన్న పాత పంపుకి పైపు తగిలించి, నీళ్ళు ఎత్తు నుంచి చిలకరిస్తూ పడేలా చేశారు, గాలి కలుస్తుందని. గొయ్యి అని వెటకారం చేసే మనిషి ఆ వారం భోజనం కూడా గట్టు మీదే చేశారు.

వచ్చేసేముందు షాపాయన లోపలికి వెళ్ళి, తన తొట్టి ఫిల్టరులోంచి ఒక స్పాంజి ముక్క కోసి తెచ్చాడు. నల్లగా, కారుతూ ఉంది. దాన్ని ఆ తొట్టి నీళ్ళతోనే సంచీలో వేసి, "ఇది మీ ఫిల్టరులో పెట్టండి, తోడు వేసినట్టు పనిచేస్తుంది" అన్నాడు. నా జన్మలో ఎవరైనా మురికి గుడ్డ ఇస్తే మొహం చిట్లించుకునే తీసుకున్నాను. దాన్ని మాత్రం రెండు చేతులా పట్టుకుని ఇంటిదాకా వచ్చాను. అదే మిగతావాటిని నిలబెట్టింది.

ఆ సంగతి నీకు నాలుగు ముక్కల్లో రాశాక నీ జవాబు వచ్చింది. భయమేసి రెండు రోజులు విప్పలేదు. విప్పితే పేజీ మధ్యలో ఒకే ఒక్క మాట ఉంది. "ఉతకొద్దు." అంతే. తిట్టు లేదు, ఎగతాళి లేదు. నేను ఆ మాట వంక చాలాసేపు చూశాను. నువ్వు నాతో ఎప్పుడూ "చూడండి", "ఉంచండి", "అక్కర్లేదండి" అనే అంటావు. ఇది "ఉతకొద్దండి" కాదు, "ఉతకొద్దు". అండీ లేదు. కోపంలో రాశావో, తొందరలో రాశావో నాకు తెలియదు. పరాయివాళ్ళ మీద మనకి అంత కోపం రాదు. ఆ కాగితం ఫిల్టరు మూత మీద నీ సూచనల పక్కనే అంటించాను. వానకి అక్షరాలు అలుక్కుపోయాయి గానీ ఇంకా ఉంది. ఆ రోజు నుంచి స్పాంజిని కొలను నీళ్ళు పట్టిన బకెట్లోనే రెండు ముంచులు ముంచి, పిండి, మళ్ళీ పెట్టేస్తున్నాను. మేత కూడా వేసిన కాసేపట్లో తినేసేంతే వేస్తాను. ఇప్పుడవి నన్ను చూసి నిజంగానే పైకొస్తాయి, నోళ్ళు మూసుకుని, తోకలు ఆడిస్తూ. తేడా నాకిప్పుడు తెలుసు.

మూడోది, ఏ రోజు రమ్మంటారు అని అడిగావు.

ఇక్కడ కాస్త ఆలోచించాలి. నీ కొలను కొత్త సిమెంటు. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి నీళ్ళు ఘాటెక్కుతాయి, చేపల ఒళ్ళు కాలిపోతుంది. నింపి, కొన్నాళ్ళు ఉంచి, పారబోసి, మళ్ళీ నింపి, ఇలా చాలాసార్లు చెయ్యాలి. చేశావో లేదో రాయలేదు. పైగా వచ్చే నెల ఎండలు ముదురుతాయి. వేడి నీళ్ళలో గాలి తక్కువ. మూతపెట్టిన డ్రమ్ముల్లో దారంతా ఏం పీల్చుకుంటాయి? మీ పెరట్లో నీడ ఉందో లేదో కూడా తెలియదు, కనీసం సగం కొలను మీదైనా నీడ పడాలి. పెద్దాయనకి వయసైపోయింది, ఈ వయసులో ఊరు మార్చడం మంచిది కాదు. కాలరు పిరికిది, వల చూస్తే గోడకి కొట్టుకుంటుంది. నిమ్మకాయ పుండు సంగతి పైన రాశాను. అన్నిటికంటే ముఖ్యం, నీ ఫిల్టరు కొత్తది. కొత్త స్పాంజిలో ఏమీ ఉండదు. పదకొండు చేపల్ని ఒకేసారి దింపితే నేను మొదటి ఏడాది చేసిన ఘనకార్యమే నీ ఇంట్లోనూ జరుగుతుంది. కాబట్టి ఈ ఏడాదికి ఆగి, చల్లబడ్డాక చూద్దామని నా ఉద్దేశం.

ఇంతవరకు రాసేసరికి మీ నాన్న వెనక నుంచి వచ్చి భుజం మీదుగా చదివారు. చదివి, "చేపల్ని పంపడానికి రాస్తున్నావా, సంబంధం చెడగొట్టడానికి రాస్తున్నావా?" అన్నారు.

"ఉన్నదే రాశానండీ."

"నిమ్మకాయ పుండు మానలేదా?"

ఆయనే వారం కిందట దాన్ని తొట్టిలోంచి తీసి కొలనులో వదిలారు.

"పంపించెయ్," అన్నారు, పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుంటూ. "గొయ్యి పూడ్చేసి బండికి షెడ్డు వేసుకుందాం. నీకూ నడుం నొప్పి తప్పుతుంది." ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందట, వెళ్ళిపోయారు. నేను కాగితం చించేద్దామనుకున్నాను. చించలేదు. పైనున్నదంతా అలాగే ఉంచి, కింద నిజం రాస్తున్నాను.

నిమ్మకాయ పుండు మానిపోయింది. పొలుసులు కూడా వస్తున్నాయి. పెద్దాయన నాకంటే దిట్టంగా ఉన్నాడు. సున్నం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, నువ్వు ఇప్పటికే నాలుగైదుసార్లు నింపి పారబోసి ఉంటావు. ఎండ తగలకుండా తెల్లవారుజామున బయలుదేరితే చాలు. నేను రాసిన మిగతా కారణాలు నిజమైనవే, కానీ అవి నా కారణాలు కావు.

నువ్వు ఆ కొలను ఎందుకు తవ్వావో నాకు తెలుసు. నేను ఈ ఇంట్లోకి వచ్చిన వేసవి అది. నీకు పదహారేళ్ళు. నేను ఏ గదిలో ఉంటే ఆ గదిలో ఉండకుండా ఉండాలంటే నీకు పెరడు ఒక్కటే మిగిలింది, పెరట్లో ఊరికే నిలబడితే మీ నాన్న అడుగుతారు కాబట్టి ఒక పని కావాలి. అందుకని పార పట్టుకున్నావు. మోకాలి లోతు చాలని పుస్తకంలో ఉన్నా నువ్వు నడుం లోతు దాటినా ఆపలేదు. "వీడు చేపలకి తవ్వుతున్నాడా, నీళ్ళ బావికి తవ్వుతున్నాడా" అని మీ నాన్న నవ్వేవారు. నేను నవ్వలేదు. ఒక గ్లాసుతో మంచినీళ్ళు గట్టు మీద పెట్టి లోపలికి వచ్చేసేదాన్ని. కాసేపయ్యాక కిటికీలోంచి చూస్తే ఖాళీ గ్లాసు అక్కడే బోర్లించి ఉండేది. ఆ వేసవంతా మనిద్దరి మధ్యా నడిచిన మాటలు అవే. నిన్ను తప్పుపట్టడం లేదు. అమ్మ పోయిన ఇంట్లోకి ఇంకో మనిషి వచ్చి అలమారా సర్దుతుంటే ఎవరికైనా గొయ్యి తవ్వాలనే అనిపిస్తుంది.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు చేపల్ని వెంట తీసుకెళ్ళడానికి చోటు లేక నాకు అప్పగించావు. నాకు అప్పగించిన మొదటి వస్తువు అది. దాంతోపాటు ఉత్తరాలు వచ్చాయి. "ఏడు తింటోందా" అని నువ్వు రాస్తే, ఏడు తిన్న సంగతితో పాటు మీ నాన్న మోకాలి నొప్పి, కారుతున్న కప్పు, కొత్తగా వచ్చిన మిషను, ఇవన్నీ పక్కనుంచి దూర్చి రాసేదాన్ని. నువ్వూ నీళ్ళ వేడి ఎంత ఉండాలో రాస్తూ, నీకు జ్వరం వచ్చి తగ్గిందని చివర్లో ఒక ముక్క రాసేవాడివి. ఆ ముక్క కోసమే నేను నీళ్ళ వేడి కొలిచేదాన్ని. ఇప్పుడు చేపలు వెళ్ళిపోతే నువ్వు నాకు ఉత్తరం రాయాల్సిన పనేముంటుంది? ఇస్త్రీ అక్క అడిగింది అదే, నా భయమూ అదే. వేరే ఏమీ లేదు.

పోనీ ఒక్కటి వదిలేసి వెళ్ళమని అడుగుదామా అనుకున్నాను. నిమ్మకాయని. ఒంటరిగా ఉంచితే చేప మూల పట్టుకుంటుందని, సరిగ్గా తినదని నువ్వే ఒకసారి రాశావు. కాబట్టి అడగను. అన్నిటినీ తీసుకెళ్ళు. వచ్చే నెల మొదటి ఆదివారం రా. ముందు రోజు మేత వెయ్యను, దారిలో నీళ్ళు పాడవకుండా ఉంటాయి. నీ డ్రమ్ముల్లో సగం వరకే నీళ్ళు పోద్దాం, పై సగం గాలికి వదలాలి. పైన తడి దుప్పట్లు కప్పుదాం, అవి నేను లాండ్రీ నుంచి తెస్తాను. అక్కడికి చేరాక తొందరపడి ఒక్కసారిగా దింపకు. నీ కొలను నీళ్ళు కొద్దికొద్దిగా డ్రమ్ములో కలుపుతూ అలవాటు చెయ్యి. చుక్కల సీసాలు వెంట పంపుతాను, మొదట్లో రోజూ చూడు. పసుపు కొంచెం పచ్చగా తిరిగినట్టు అనుమానం వచ్చినా ఆ రంగు ఎలా ఉందో నాకు రాయి. ఏది లేత పచ్చ, ఏది ముదురు పచ్చ అని తేల్చడంలో నీకంటే నా కళ్ళే నయం, అది నువ్వూ ఒప్పుకుంటావు.

మీ నాన్న సాయంత్రం వచ్చాక షెడ్డు మాట మళ్ళీ ఎత్తారు. కొలను పూడ్చడానికి వీల్లేదని చెప్పాను. "చేపలు లేకుండా అందులో ఏం పెంచుతావ్?" అన్నారు. "నీళ్ళు," అన్నాను. అక్కడ ఏదైనా అడ్డం తిరిగితే వెనక్కి రావడానికి ఒక చోటు ఉండాలి కదా. ఆయన తల గోక్కుని, బండి వీధిలోనే ఉండనిమ్మన్నారు.

ఇంకొకటి చెప్పాలి. నువ్వు పెరట్లో కొలను కట్టిస్తున్నానని రాసిన కిందటి ఉత్తరం గుర్తుందా? అందులో చేపల్ని తీసుకెళ్తానని లేదు. కానీ కొలను కట్టేవాడు దేనికి కడతాడు? ఆ సాయంత్రమే షాపాయన దగ్గరికి వెళ్ళి, నీ ఫిల్టరుకి సరిపడే కొత్త స్పాంజి ఒకటి తెచ్చి, మన ఫిల్టరులో పాతవాటి పక్కన దూర్చి పెట్టాను. చెయ్యి పెట్టింది గానీ, ఎందుకు పెట్టిందో మనసుకి చెప్పలేదు. ఈ పొద్దున మూత తీసి చూశాను. రెండు నెలలుగా అది అక్కడే నాని, పాతవాటి బురదంతా పట్టుకుని, ఏది కొత్తదో ఏది పాతదో నేనే పోల్చుకోలేనట్టు తయారైంది. నువ్వు వచ్చిన రోజు దాన్ని మన కొలను నీళ్ళతోనే బకెట్లో వేసి ఇస్తాను. దారిలో ఆరిపోనివ్వకు. వెళ్ళగానే నీ ఫిల్టరులో పెట్టు. ఊరు మారినట్టు చేపలకి తెలియకూడదు.

గోధుమరంగుగా, జిగురుగా, వాసనగా ఉంటుంది. నా చేత్తో ఒకరికి ఇంత మురికి వస్తువు ఇవ్వడం ఇదే మొదలు. ఉతకొద్దు.

ఇట్లు,
నీ పిన్ని